షాపూర్‌నగర్ నుంచి ఇంపీరియల్ ఏజ్ దాకా

"షెడ్డు కాడికి పొయ్యొద్దాం పా" అన్నాడు నాయిన. ఆదివారం పొద్దున, ఇడ్లీ ప్లేటు ఇంకా చేతిలోనే ఉంది.

షెడ్డంటే జీడిమెట్లలో ఆయన పద్నాలుగేళ్లు లేత్ మిషన్ నడిపిన చోటు. అది మూతపడి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అక్కడ చూడ్డానికి ఏముంటది అన్నాను. "ఏం లేకుంటే పోవద్దా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అటువైపు నాకూ ఓ పని ఉంది, అది ఇంకా పనికిమాలిన పని. చిన్నప్పుడు నేను ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడిన నెట్ సెంటర్ ఇంకా ఉందో లేదో చూడాలి.

ముందే చెప్పేస్తా, నేను పెద్ద గేమర్‌ని కాను. నాకు ఆర్‌జీబీ లైట్ల కీబోర్డు లేదు, ర్యాంకు లేదు, స్ట్రీమింగ్ ఛానెల్ లేదు. వారానికి రెండు మూడు రాత్రులు, ఆఫీసు పని అయ్యాక గంటో గంటన్నరో ఆడతా. స్ట్రాటజీ గేమైతే ఫర్వాలేదు. యాక్షన్ గేమైతే మొదటి నిమిషంలో చచ్చేది నేనే. ఈ రెండింటికీ తేడా ఏంటో నాకు నేర్పింది కుత్బుల్లాపూరే అని చెప్పడానికే ఇదంతా.

మేం ఇప్పుడు ఉండేది మియాపూర్ దగ్గర. బండి మీద ప్రగతినగర్ దాటి, గాజులరామారం మీదుగా షాపూర్‌నగర్ చేరాం. దారి పొడుగునా నాయిన వెనక కూర్చుని కామెంటరీ. ఇక్కడ రాళ్లుండె, ఇక్కడ కల్లు దుకాణం ఉండె, ఇక్కడ ఏం లేకుండె. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడినవాళ్లకి తెలుసు, ఆట మొదలైనప్పుడు మ్యాప్ అంతా నల్లగా ఉంటుంది. గుర్రం మీద ఓ స్కౌట్ తిరిగినకొద్దీ చెట్లు, చెరువులు, బంగారు గనులు బయటపడతాయి. ఒకసారి చూసి వెళ్లిపోయిన చోటు మళ్లీ మసకబారుతుంది. అక్కడ నువ్వు చివరిసారి చూసిందే కనపడుతుంది గానీ, ఆ తర్వాత ఏం మారిందో కనపడదు. నాయిన చెప్పే కుత్బుల్లాపూర్ అంతా ఆ మసకలోదే.

షాపూర్‌నగర్ మాత్రం మారలేదు. మార్కెట్ అదే, ఇరుకు అదే, రోడ్డు మీద ఆటోలు ఆగే తీరు అదే. నెట్ సెంటర్ ఉన్న సందులో ఇప్పుడు మొబైల్ రిపేరు దుకాణం ఉంది. పైన మొదటి అంతస్తుకి ఎక్కే ఇనుప మెట్లు అలాగే ఉన్నాయి. ఎక్కి చూస్తే టైలరింగ్ షాపు, నాలుగు కుట్టు మిషన్లు. మేం కూర్చున్న వరసలోనే.

2005లో, ఆరో తరగతిలో మొదటిసారి ఆ మెట్లెక్కాను. గంటకి 15 రూపాయలు. తొమ్మిది కంప్యూటర్లు, అందులో రెండిటికి మౌస్ పనిచేయదు. భయ్యా అని పిలిచే ఓనరు, ఆయన వెనక గోడకి సాయిబాబా ఫొటో. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు ఇప్పటికీ కళ్లముందున్నాయి: ప్రాజెక్ట్ ఐజీఐ, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్, ఓ మూలకి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. మొదటి మూడింటికీ క్యూ ఉండేది. నాలుగోది ఎవరూ ముట్టేవాళ్లు కాదు. నేను దాన్ని ఎంచుకుంది తెలివితో కాదు, అది ఖాళీగా ఉందని.

కౌంటర్ స్ట్రైక్ ఆడినప్పుడల్లా ఒకటే కథ. డస్ట్ 2 మ్యాప్‌లో ఐదుగురు అటు, ఐదుగురు ఇటు అని పంచుకుంటే మా సెంటర్‌లో నలుగురు అటు, నలుగురు ఇటు, మిగిలిన కంప్యూటర్లో ఎవడో ఎంసెట్ రిజల్టు చూసుకుంటుండేవాడు. నన్ను తీసుకున్న టీమ్ అప్పటికే ఓడినట్టు. గోడ పక్క నుంచి తొంగిచూసేలోపు స్క్రీన్ ఎర్రగా మారిపోయేది. "నువ్వు జర కూసోరా, సచ్చినోళ్లు మాట్లాడొద్దు" అనేవాళ్లు సీనియర్లు. యాక్షన్ గేమ్‌కి కావాల్సింది ఆలోచన కాదు, ఆలోచన రాకముందే కదిలే వేళ్లు. నా వేళ్లు మొదటి నుంచీ లేటు.

వైస్ సిటీలో అయితే మోసం చేయొచ్చు. నోట్‌బుక్ చివరి పేజీలో చీట్ కోడ్లు రాసుకునేవాళ్లం. పాంజర్ అని కొడితే ట్యాంకు దిగేది, ఆస్పిరిన్‌కి చివర ఓ ఈ కలిపి కొడితే ప్రాణం నిండేది. లీవ్ మీ అలోన్ అని కొడితే వెంటపడే పోలీసులు మాయం. క్లాసులో సారుకి ఆ పేజీ దొరికితే మందుల పేర్లనుకున్నాడు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో హడావుడి లేదు. ఓ టౌన్ సెంటర్, ముగ్గురు పనివాళ్లు, ఓ గుర్రపువాడు. 200 తిండి. ఒక పనివాణ్ని తయారుచేయడానికి 50 తిండి, 25 సెకన్లు. అంటే మొదట్లో నీ దగ్గరున్న దాంతో నలుగురు వస్తారు. వాళ్లని గొర్రెల మీదికి పంపాలి, తర్వాతి వాళ్లని కట్టెలకి, ఆ తర్వాత రేగుపళ్లలాంటి పొదలకి. అడవిపంది దగ్గరికి ఒక్కణ్నే పంపి, అది వెంటపడితే టౌన్ సెంటర్ దాకా లాక్కొచ్చి అందరూ కలిసి కొట్టాలి. తప్పితే పంది చేతిలో మనిషి పోతాడు. 500 తిండి పోగైతే ఫ్యూడల్ ఏజ్. 800 తిండి, 200 బంగారం అయితే క్యాజిల్ ఏజ్. చివరిది ఇంపీరియల్, 1000 తిండి, 800 బంగారం. యుద్ధాలు ఉంటాయి గానీ, గెలుపోటములు అంతకుముందే తేలిపోతాయి, ఎవరి పనివాళ్లు ఎంతసేపు ఖాళీగా ఉన్నారన్న దాని మీద.

అందుకే ఆ గేమ్‌లో ఓ బటన్ ఉంటుంది. ఎవడైనా పని లేకుండా నిలబడితే అది వెలుగుతుంది. నొక్కితే, లేదా కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ కొడితే, వాడు ఎక్కడున్నా స్క్రీన్ అక్కడికి వెళ్లిపోతుంది. ఐడిల్ విలేజర్. బాగా ఆడేవాడి చెయ్యి ఆ కీ మీద కొట్టుకుంటూనే ఉంటుంది. నాకు ఆ గేమ్‌లో అందరికంటే ఇష్టమైన బటన్ అదే అప్పట్లో.

ఓ సాయంత్రం ట్యూషన్ ఎగ్గొట్టి ఆడుతుంటే భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే నాయిన. ఫస్ట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చాడు, చొక్కా మీద కూలెంట్ ఆయిల్ వాసన. సెంటర్ మొత్తం నిశ్శబ్దం. వీపు విమానం మోత మోగుద్దని అందరూ ఎదురుచూస్తున్నారు, నేనూ చూస్తున్నా. లీవ్ మీ అలోన్ కోడ్ ఇక్కడ పనిచేయదు. ఆయన మాత్రం స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"గీళ్లేం జేస్తున్నరు?"

"కట్టెలు కొడుతున్నరు నాయినా."

"గాళ్లు?"

"రాళ్లు."

"జీతం ఎవరిస్తరు?"

జీతం ఉండదు, 50 తిండి పెడితే పుట్టొస్తారు, చచ్చేదాకా చేస్తారు అని చెప్పాను. "మా సేటుకు చూపియ్యకు ఈ ఆట" అన్నాడు. తర్వాత చెవి పట్టుకునే మెట్లు దింపాడనుకోండి, అది వేరే సంగతి.

2007 ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగాక మా సెంటర్‌లో రిజిస్టరు పెట్టారు. పేరు, అడ్రస్, ఐడీ కార్డు. స్కూలు పిల్లలకి ఐడీ ఎక్కడిది? భయ్యా తన చేత్తోనే మా పేర్ల ఎదురుగా "తమ్ముడు" అని రాసేవాడు. అలా ఆయనకి ఓ నలభై మంది తమ్ముళ్లుండేవాళ్లు. అదే ఏడాది ఏప్రిల్‌లో కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీ పోయి జీహెచ్‌ఎంసీలో కలిసింది. మాకు తెలిసిన మార్పల్లా, బస్టాపు మీది బోర్డు రంగు.

షాపూర్‌నగర్‌లో చాయ్ తాగి జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియాలోకి మళ్లాం. ఆదివారం కాబట్టి లారీలు తక్కువ. వాసన మాత్రం ఉంది. ఇక్కడ పెరిగినవాళ్లకి అది వివరించక్కర్లేదు. మందుల వాసనా కాదు, కుళ్లు వాసనా కాదు, రాత్రి రెండింటికి కిటికీ మూయించే వాసన. "ఇంతకుముందు ఇంకా మస్తుండె" అన్నాడు నాయిన, ఏదో బిర్యానీ గురించి చెప్పినట్టు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో టెక్ ట్రీ అని ఒకటుంటుంది. ఏది కడితే ఏది తెరుచుకుంటుందో చూపించే పటం. మన ఉత్తర హైదరాబాద్‌కి అలాంటిదొకటి గీస్తే పైన ఐడీపీఎల్ రాయాలి. ప్రభుత్వం 1961లో పెట్టిన మందుల సంస్థ అది. సోవియట్ సాయంతో బాలానగర్ పక్కన దాని ప్లాంటు వచ్చింది. దాని చుట్టుపక్కలే హెచ్‌ఎంటీ, హెచ్‌ఏఎల్. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి సొంతంగా బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టారు. వాళ్లలో ఒకరైన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. ఇక పెద్ద ఫ్యాక్టరీ ఉన్నచోట దానికి బోల్టులు, షాఫ్టులు, వాల్వులు చేసే చిన్న షెడ్లు కావాలి. ఆ షెడ్లకి టర్నర్లు కావాలి. ఆ టర్నర్లకి అద్దె ఇళ్లు, ఆ ఇళ్ల పిల్లలకి గంటకి 15 రూపాయల నెట్ సెంటర్. ఆ కొమ్మ చివర నేను.

గేమ్‌లో టెక్ ట్రీలో ఒకసారి తెరుచుకున్నది మళ్లీ మూసుకోదు. ఐడీపీఎల్ మూతపడింది. మా నాయిన షెడ్డూ 2009లో మూతపడింది.

సందు దొరకడానికి అరగంట పట్టింది. షెడ్డు ఉంది, రేకులు మార్చారు, గేటుకి నీలం రంగు. ఇప్పుడది ఏదో ఆన్‌లైన్ సామాన్ల గోడౌన్. వాచ్‌మన్ బయట కుర్చీలో కూర్చుని ఫోన్‌లో బీజీఎంఐ ఆడుతున్నాడు. నాయిన వెళ్లి "లోపల చూడొచ్చా సార్?" అని అడిగాడు. వాడు గేమ్ లోంచి తల ఎత్తకుండా "అందర్ నహీ" అన్నాడు. మధ్యలో ఆగితే టీమ్ తిడుతుంది, నాకు తెలుసు. నాయినకి తెలియదు. గేటు సందులోంచి కాసేపు చూసి, "నా మిషన్ ఆ మూలకుండె, కిటికీ కింద. ఎలుతురు మంచిగొస్తుండె" అన్నాడు.

గేటు ముందే, చెట్టు నీడలో, మొదటిసారి ఆ ఏడాది గురించి మాట్లాడుకున్నాం.

2009లో నేను పదో తరగతి. షెడ్డు మూసేశాక నాయిన ఏడు నెలలు ఖాళీ. కానీ మాకు ఆ సంగతి తెలియడానికే నెల పట్టింది. ఎందుకంటే రోజూ పొద్దున ఎనిమిదింటికి డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు, సాయంత్రం ఐదున్నరకి వచ్చేవాడు. ఓ రోజు అమ్మ చొక్కా ఉతకబోయి ఆయిల్ మరకలు లేవని కనిపెట్టింది. అడిగితే ఒప్పుకున్నాడు. అయినా మర్నాడూ డబ్బాతోనే వెళ్లాడు. ఇంటి ఓనరుకి, పక్కింటివాళ్లకి తెలియకూడదని. కొన్ని రోజులు లేబర్ అడ్డాలో నిలబడ్డాడు. మేస్త్రీలు ఆయన చేతులు చూసి "నువ్వు మిషనోనివి, పార పట్టలేవు" అని పక్కవాణ్ని తీసుకుపోయేవాళ్లట.

ఆ ఏడు నెలల్లో నేను చేసిన పని ఇది. అమ్మ ట్యూషన్ ఫీజుకని ఇచ్చిన డబ్బుల్లో రెండు నెలలవి నెట్ సెంటర్‌లో పోశాను. ఇంట్లో ఉంటే ఊపిరాడేది కాదు. అక్కడికెళ్లి కూర్చుంటే, నా ఊళ్లో ఎవడైనా ఖాళీగా నిలబడితే బటన్ వెలిగేది, నొక్కి పని చెప్పేవాణ్ని. కట్టెలకి పో. పొలం దున్ను. గోడ కట్టు. అందరికీ పని ఉండేది. రెండు గంటలు, ముప్పై రూపాయలు. ఈ దొంగతనం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

చెప్పాను. నీలం గేటు ముందు.

నాయిన నవ్వాడు. "నాకు ఎర్కే" అన్నాడు.

నెట్ సెంటర్ కింద, సందు ఎదురుగా ఓ చాయ్ హోటల్ ఉండేది. అడ్డాలో పని దొరకని రోజున నాయిన అక్కడే కూర్చునేవాడట. మధ్యాహ్నం అక్కడే డబ్బా విప్పేవాడు. సాయంత్రం నాలుగింటికి నేను బ్యాగుతో ఇనుప మెట్లు ఎక్కడం చూశాడు. ఒకసారి కాదు, చాలాసార్లు.

"మరి ఎందుకు రాలే పైకి?"

"నేనొస్తే, నువ్వు ఈ టైముల ఈడేం జేస్తున్నవ్ నాయినా అని అడగవా?"

అప్పటికి ఆయన ఖాళీగా ఉన్నాడని నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి అమ్మ ఆయనకి చెప్పలేదు. నాలుగు వారాలో ఐదు వారాలో, ఒకే సందులో, ఒకడు పైన ఒకడు కింద, ఒకరికొకరు కనపడకుండా గడిపామన్నమాట. వాచ్‌మన్ గేమ్ అప్పుడే అయిపోయినట్టుంది, మావైపు చూసి "పానీ పీతే?" అని బాటిల్ ఇచ్చాడు.

తర్వాత నాయినకి చింతల్‌లో ఇంకో షెడ్డు దొరికింది, జీతం తక్కువైనా. నేను పది గట్టెక్కాను, ఇంటర్, ఇంజినీరింగ్. నెట్ సెంటర్లు ఒక్కొక్కటే జిరాక్స్ సెంటర్లయ్యాయి. 2013లో క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆండ్రాయిడ్‌కి వచ్చాక కాలేజీ బస్సు వెనక సీట్లన్నీ క్లాన్ ఆఫీసులే. అందులోనూ బిల్డర్ ఖాళీగా ఉంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ గేమ్‌లు తయారుచేసేవాళ్లకి ఖాళీ మనిషంటే ఎందుకో అంత భయం.

జీడిమెట్ల నుంచి సుభాష్‌నగర్ మీదుగా వెళ్తుంటే మా పాత గల్లీ వచ్చింది. ఇంకో మనిషి గుర్తొచ్చాడు.

పబ్‌జీ మొబైల్ 2018లో వచ్చింది. యాక్షన్ గేమ్‌లంటే పారిపోయే నన్ను కూడా లాగేసింది, ఎందుకంటే అందులో చావకుండా దాక్కోవచ్చు. వంద మంది దిగే దీవిలో నేను ఇరవయ్యో ర్యాంకు దాకా ఒక్క గుండు పేల్చకుండా వచ్చిన రోజులున్నాయి. 2019 ఆషాఢంలో ఓ రాత్రి, ఎవరో తెలియని ముగ్గురితో స్క్వాడ్. ఒకడు హిందీలో "భయ్యా, కవర్ దో, కవర్ దో" అంటున్నాడు. వాడి మైకులోంచి వెనక బోనాల పాట వినిపిస్తోంది. మా కిటికీలోంచీ అదే పాట. ముందు ఎకో అనుకున్నా. పాట ఆగింది, రెండుచోట్లా. ఎవరో మైకులో "రేపు పొద్దున తొమ్మిదింటికి అన్నదానం" అన్నారు, రెండుచోట్లా. వాడు ఉండేది మా వెనక గల్లీలో.

మర్నాడు అన్నదానం లైనులో కలిశాం. జార్ఖండ్ కుర్రాడు, ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో హెల్పర్. ఒక రూములో ఆరుగురు. ముగ్గురు డే షిఫ్ట్, ముగ్గురు నైట్, పరుపులు మూడే. ఫోన్ మాత్రం ఎవరిది వాళ్లకి. వాడి వేళ్లు చూస్తే అసూయ పుట్టేది. నాకు శత్రువు కనపడేలోపు వాడు కాల్చేసేవాడు. "నువ్వు ఆలోచిస్తావ్ భయ్యా, అందుకే చస్తావ్" అనేవాడు. నాకంటే చిన్నోడు, నన్ను మోసుకుంటూ చికెన్ డిన్నర్ దాకా తీసుకెళ్లేవాడు. నేను వాడికి చెప్పగలిగిందల్లా ఎక్కడ దిగాలి, సర్కిల్ ఎటు రావొచ్చు అన్నది. ఆ రెండూ కలిస్తే ఓ మంచి ఆటగాడు అవుతాడు, ఇద్దరు మనుషులతో.

2020లో లాక్‌డౌన్. యూనిట్ బంద్. వలస కార్మికుల కోసం దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే కదిలింది, జార్ఖండ్‌లోని హటియాకి. వాడికి అందులో చోటు దొరకలేదు, ఇంకో రైల్లో వెళ్లాడు. ఊరికెళ్లాక కూడా ఆడేవాళ్లం. సిగ్నల్ కోసం వాడు ఓ గుట్టెక్కి కూర్చునేవాడు. మైకులో ఇప్పుడు మేకలు వినిపించేవి. సెప్టెంబర్ 2న పబ్‌జీని నిషేధించారు. కొన్నాళ్లకి సర్వర్లు కూడా ఆగిపోయాయి. వాడి ఫోన్ నంబరు అప్పటికే మారింది, కొత్తది అడగాలని ఎప్పుడూ అనిపించలేదు, రోజూ గేమ్‌లో కలుస్తున్నాం కదా. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చింది. నా పాత అకౌంట్ కొత్తదానిలోకి మార్చుకున్నా. ఫ్రెండ్స్ లిస్టులో వాడి పేరు రాలేదు. 2022 జూలైలో అదీ పోయింది, 2023 మేలో తిరిగొచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడు చూస్తా. నీలం గేటు వాచ్‌మన్‌ని కూడా, నిజం చెప్పాలంటే, వెళ్లేముందు "ఏ ఊరు?" అని అడిగాను. బీహార్ అన్నాడు.

ఫాక్స్ సాగర్ కట్ట మీద బండి ఆపాం. కొల్లచెరువని, జీడిమెట్ల చెరువని కూడా అంటారు. కొంగలు, గుర్రపుడెక్క, అవతల ఒడ్డున అపార్ట్‌మెంట్లు. గేమ్‌లో నీళ్ల మీద ఇల్లు కట్టబోతే ఎర్రగా చూపించి ఒప్పుకోదు. ఇక్కడ ఒప్పుకుంది. 2020 అక్టోబర్ వానలకి ఈ చెరువు పొంగి కొంపల్లి ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది. పడవల మీద పాలు, కూరగాయలు. నాయిన దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు. సూరారంలో కట్ట మీద మైసమ్మను ఊరికే పెట్టలేదు పెద్దలు, అన్నాడంతే.

ఆకలేస్తోంది. సుచిత్ర దగ్గర భోంచేసి బయటికొస్తే ఎదురుగా గేమింగ్ కేఫ్. నల్ల అద్దాలు, లోపల ఊదారంగు లైట్లు, ఏసీ. గంటకి వంద. నేను నాయిన మొహం చూశాను. "పా, ఎండగుంది" అన్నాడు.

లోపలంతా వాలరెంట్ ఆడే కుర్రాళ్లు. ఒకరిద్దరు జీటీఏ ఫైవ్. కౌంటర్‌లో కుర్రాడు నాయిన వైపు, తర్వాత నా వైపు చూసి "అంకుల్ కూర్చోడానికా, ఆడడానికా అన్నా?" అని అడిగాడు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఉందా అంటే ఎవరూ అడగరు అన్నాడు. నా స్టీమ్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి డౌన్‌లోడ్ పెట్టాను. 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ అది. డౌన్‌లోడ్ అయ్యేలోగా నాయిన కుర్రాళ్ల వెనక నిలబడి చూశాడు. ఒకడు హెడ్‌సెట్‌లో బూతులు తిడుతుంటే భుజం తట్టి "మెల్లగ బిడ్డా" అన్నాడు. వాడు నిజంగానే సారీ చెప్పాడు.

2022లో ఈ గేమ్‌కి డైనస్టీస్ ఆఫ్ ఇండియా అని ఎక్స్‌పాన్షన్ వచ్చింది. ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులు చేరారు. కాకతీయులకంటూ విడిగా ఓ సివిలైజేషన్ లేదు, అది నాకు ఇప్పటికీ చిన్న కడుపుమంట. ద్రవిడులని ఎంచుకున్నా. రాజేంద్ర చోళుడి కథ వాళ్లది, పనివాళ్లు తమిళం మాట్లాడతారు. నాయినకి టెక్ ట్రీ తెరిచి, చివర్లో ఇంపీరియల్ ఏజ్‌లో వచ్చే వూట్జ్ స్టీల్ చూపించాను. అది నేర్చుకుంటే కాల్బలం, గుర్రపుదండు కొట్టే దెబ్బకి శత్రువు కవచం అడ్డురాదు. వూట్జ్ అనే మాట మన ఉక్కు నుంచే వచ్చిందంటారు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు ఈ ఉక్కు చేసేవాళ్లు, పర్షియా నుంచి వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు.

ఆయనకి ఇది నచ్చింది. పద్నాలుగేళ్లు ఉక్కుని మిల్లీమీటర్లో వందో వంతుకి చెక్కిన మనిషి. "మరి ఉక్కు చేసెటోడు ఏడి?" అన్నాడు. కమ్మరి కొలిమి బిల్డింగ్ చూపించాను. దాని మీద నొక్కాడు. కత్తులు, కవచాలు, బాణాల బొమ్మలొచ్చాయి. మనిషి రాలేదు. మళ్లీ నొక్కాడు. "కొలిమి ఉన్నది, కమ్మరోడు లేడు" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నా, నేనది ఒక్కసారి కూడా గమనించలేదు.

మౌస్ ఆయనకిచ్చేశాను. ముగ్గురు పనివాళ్లు, ఓ స్కౌట్. ఎడమ నొక్కుతో మనిషిని పట్టుకోవాలి, కుడి నొక్కుతో పని చూపించాలి, అంతే అని చెప్పాను. ఒకణ్ని కట్టెలకి పంపాడు, వాడు ఒక మోపు తెచ్చి మళ్లీ పోవడం చూసి కాసేపు ఊరుకున్నాడు. ఇంకొకణ్ని పొదల దగ్గరికి. అడవిపంది దగ్గరికి ఎవర్నీ పంపనన్నాడు. తిండి తొందరగా వస్తుంది నాయినా అన్నా వినలేదు. "పోతే మళ్లొస్తడా?" అన్నాడు. 50 తిండి పెడితే ఇంకొకడొస్తాడు అన్నాను. "ఇంకోడు గద" అన్నాడు.

ఇలాగైతే ఫ్యూడల్ ఏజ్‌కి కూడా చేరం అని నాకు తెలుసు. కంప్యూటర్ ఆటగాడు ఇంకాసేపట్లో వచ్చి కాల్చేస్తాడు. కౌంటర్‌లో కుర్రాడు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. పొదలు అయిపోయాయి. అక్కడున్న మనిషి బుట్టతో నిలబడిపోయాడు. మ్యాప్ పక్కన బటన్ వెలిగింది.

"అదేంది?"

ఎవరో ఖాళీగా ఉన్నారని అర్థం, ఈ ఫుల్‌స్టాప్ కొట్టు అన్నాను. చూపుడువేలితో, గట్టిగా, లేత్ స్విచ్చి నొక్కినట్టు నొక్కాడు. స్క్రీన్ గభాలున జరిగి ఆ మనిషి దగ్గర ఆగింది. నాయిన ముందుకి వంగి చూశాడు. కింద టైమర్‌లో గంట అయిపోవడానికి ఇంకా పదకొండు నిమిషాలుంది.

"ఆగు, ఇప్పుడే పని చెప్పకు" అన్నాడు. "జరసేపు కూసోనీ."

మా ఊరికి శత్రువుల గుర్రాలు వస్తున్నాయి. కుర్రాడు "అంకుల్, గోడ కట్టండి, గోడ కట్టండి" అని అరుస్తున్నాడు.